సుద్దదారం: సినిమా గోడరాతల నుంచి ఒక తెలుగు ఫాంట్ (ప్రాజెక్టు డైరీ)

జూన్ 11

మిర్యాలగూడ రోడ్డు మీద మూతపడ్డ టాకీసు ఒకటుంది. గేటుకు తాళం, ఆవరణ నిండా సర్కారు తుమ్మ. రోడ్డు వైపు ప్రహరీ మీద రాత మాత్రం ఇంకా పోలేదు: ‘ప్రతిరోజూ 4 ఆటలు’. పసుపు అక్షరం, ఎర్ర అంచు, నల్ల షేడు. ‘ఆటలు’లో ట పొట్ట నిండుకుండలా ఉంది. దాని పక్కనే లు కొమ్ము ఎగిరే గాలిపటం తోకలా పైకి లేచింది. నిన్న సాయంత్రం బండి ఆపి ఆ ఒక్క మాటనే పావుగంట చూశాను.

నేను నల్లగొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పన్నెండేళ్లయింది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, దశదిన కర్మలు, షాపు ప్రారంభాలు. పొద్దున్నుంచి రాత్రిదాకా తెలుగు అక్షరాలే నా చేతిలో ఉంటాయి, అయినా అవే నాలుగైదు ఫాంట్లు తిప్పి తిప్పి వాడుతుంటాను. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు తక్కువేం లేవు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీదనే ‘సురవరం’ అని ఒకటుంది, వార్తాపత్రికలకు పనికొచ్చేలా గీసింది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మనిషికి అది సరైన గౌరవం. లావు హెడ్డింగులకు ‘రామభద్ర’ బాగుంటుంది. కానీ వెడల్పు కుంచె ఎనామిల్‌లో ముంచి, నిచ్చెన మీద నిలబడి, ఒక్క ఊపులో లాగిన గీత వీటిలో కనిపించదు. సినిమాహాలు గోడ మీది ఆ గీత నాకు కావాలి.

అందుకే ఈ డైరీ. ఆ గోడరాతల తీరులో ఒక యూనికోడ్ ఫాంట్ చేస్తాను, ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్లు చేసే సాఫ్ట్‌వేర్‌లో. పేరు కూడా పెట్టేశాను: సుద్దదారం. గోడ మీద రాసేవాళ్లు ముందుగా దారానికి సుద్ద పట్టించి, రెండు కొసలూ బిగించి, మధ్యలో లాగి వదులుతారు. టప్పున కొట్టుకుని గోడ మీద తెల్లగీత పడుతుంది. అన్నిటికీ ముందు పడేది ఆ గీతే.

జూన్ 16

ఆ గోడ రాసింది ఎవరో కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. రామగిరి వైపు ఉంటాడు. మా ఇంటికి దూరపు వరసలో కాక అవుతాడని ఇప్పుడే తెలిసింది. చిన్నప్పుడు హాల్లో స్లైడ్లు రాసేవాడట. గాజుపలక మీద నల్లరంగు పట్టించి, సూదితో అక్షరాలు గీకితే, ఇంటర్వెల్‌లో వెలుగు అందులోంచి పడి తెర మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని కనిపించేది. తర్వాత బ్యానర్లు, కటౌట్లు, గోడలు. ఫ్లెక్సీ వచ్చినంక కుంచెలు అటక మీదికెక్కాయి. నేను ఫ్లెక్సీ పని చేస్తానని చెప్పడానికి లోపల ఇబ్బందిగానే అనిపించింది. కాక ఏమీ అనుకోలేదు. ‘పనే గదా బిడ్డా’ అన్నాడు.

చార్టు కాగితాలు, కొత్త ఫ్లాట్ బ్రష్షు, పోస్టర్ కలరు పట్టుకుని పోయాను. అ నుంచి ఱ దాకా వరసగా రాసిస్తే స్కాన్ చేసుకుని పని మొదలుపెడదామని నా ఆలోచన. కాక క రాశాడు. చూసుకున్నాడు. నచ్చలేదు. ఇంకో క రాశాడు. అదీ నచ్చలేదు.

‘ఒట్టి క ఎట్ల రాయాలె? దాని పక్కన ఏమొస్తదో తెల్వకపాయె. మాట చెప్పు.’

‘కథానాయకుడు’ అన్నాను. ఒక్క నిమిషంలో రాసిచ్చాడు. అందులో రెండు క-లున్నాయి. మొదటి దాని పొట్ట వెడల్పు, రెండోది ఇరుకు, దాని కొమ్ముకు జాగ వదలాలి కాబట్టి. రెండూ ఒక మనిషి చేతి రాతే, ఒకే నిమిషంలో రాసినవే, ఒకటి ఇంకొకదానిలా లేదు.

కాబట్టి అక్షరాల పట్టిక పక్కన పెట్టి మాటల పట్టిక రాసుకోవాల్సి వచ్చింది. సినిమా మాటలే, గోడ మీద నిజంగా పడేవే ఎంచుకున్నాను. ఘ కోసం ఘనవిజయం. ఫ కోసం ఫస్ట్ షో. ఢ కోసం ఢంకా. ఖ కోసం ముఖ్యపాత్రలు. ఛ కోసం ఛాయాగ్రహణం. క్ష కోసం లక్షలాది ప్రేక్షకులు. జ్ఞ కోసం కృతజ్ఞతలు. ఠ కోసం కంఠం. ఐ కోసం ఐదో వారం. ఱ దగ్గర ఇద్దరమూ ఆగిపోయాం. ‘దానికి మాట యాదికొచ్చినంక రాస్త’ అన్నాడు కాక.

జూన్ 30

మొత్తం 63 చార్టులు స్కాన్ చేశాను. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఆటోమేటిక్ ట్రేస్ (స్కాను చూసి అంచులు దానంతటదే గీయడం) పెట్టి చూస్తే ఒక్క అ అక్షరానికే 140 నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే బిందువులు, వచ్చాయి. కుంచె వెంట్రుక చీలిన ప్రతిచోటా గరుకు, రంగు కారిన ప్రతిచోటా గుట్ట. చేత్తో గీసిన అక్షరం అని చెప్పుకోవడానికి ఆ గరుకు ఉంచేవాళ్లున్నారు, నేను ఉంచను. కాక ఆ గరుకు కావాలని పెట్టలేదు, కాగితం పీల్చుకోవడం వల్ల వచ్చింది. ఆయన మనసులో ఉన్న గీత నున్నగా ఉంటుంది. గోడ మీద ఎనామిల్ ఆరినంక చూస్తే అది తెలుస్తుంది.

అందుకని స్కాను కింద పెట్టుకుని, మీద నేనే గీస్తున్నాను. అ-కు ఇప్పుడు 22 నోడ్లు. గుండ్రం ఎక్కడ పైకి వెళ్లి తిరుగుతుందో, ఎక్కడ పక్కకు తిరుగుతుందో అక్కడక్కడే నోడ్ పెడుతున్నాను. దీనివల్ల ఇంకో సంగతి బయటపడింది. లావు-సన్నం ఎక్కడ పడుతున్నాయో పెద్దది చేసి చూస్తే అన్ని అక్షరాల్లోనూ ఒకటే తీరు. గుండ్రానికి ఎడమ కింద, కుడి పైన లావు. ఎడమ పైన, కుడి కింద సన్నం. ఫ్లాట్ బ్రష్షు అంచును ఏటవాలుగా పట్టి, మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం తిప్పితేనే ఇలా వస్తుంది. ర గుండ్రంలో అదే, ఠ-లో అదే, చివరికి సున్నలో కూడా అదే. తెలుగుకు ఇంత గుండ్రాలుండటం వల్ల ఈ ఒక్క కోణమే రాత మొత్తానికి ఊపిరిలా నడుస్తోంది. ఇది తెలిసినంక ఒక్కో అక్షరానికి గంట పట్టేది ఇరవై నిమిషాలకు దిగింది.

జూలై 14

మిర్యాలగూడ రోడ్డు గోడకు సున్నం వేసేశారు. సగమే ఫొటోలు తీసుకున్నాను, మిగతా సగానికి ఇవాళ పోతే తెల్లటి గోడ. ‘మహిళలకు ప్రత్యేక’ వరకు నా దగ్గర ఉంది, ‘వసతి’ లేదు. చాలా బాధనిపించింది. గోడలున్న ఊళ్లన్నీ ఈ నెలలోనే తిరగాలి: దేవరకొండ, హుజూర్‌నగర్, వీలైతే మహబూబ్‌నగర్, వనపర్తి.

జూలై 27

మొదటిసారి ఫాంట్ ఫైలు బయటికి తీశాను. 71 గ్లిఫ్‌లు, అంటే ఫాంట్‌లో విడివిడిగా గీసిన అక్షర రూపాలు. లిబ్రే ఆఫీస్ తెరిచి, 96 సైజు పెట్టి, ‘నేడే చూడండి’ అని కొట్టాను.

వచ్చింది. గోడ మీద చూసినట్టే వచ్చింది. నే ఏత్వం పక్కనున్న డే మీదికి వాలకుండా నిలబడింది, చూ దీర్ఘం కొమ్ము తిరిగి డ-ను తాకీ తాకనట్టు ఆగింది. రాత్రి పదకొండింటికి ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని ఆ రెండు మాటలను అన్ని రంగుల్లో, అన్ని సైజుల్లో చూసుకున్నాను. చిన్నప్పుడు జీపుకు మైకు కట్టుకుని, గులాబీ కాగితాలు విసురుకుంటూ ఊళ్లోకి వచ్చేవాళ్లు. ఆ కాగితం మీద మొదటి మాట ఇదే. దాని వెంట పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. అచ్చం ఆ అక్షరమే ఇవాళ నా చేతి మీదుగా తెర మీదికి వచ్చింది.

ఆగస్టు 3

సంబరం వారం కూడా నిలవలేదు. ‘నేడే చూడండి’లో ఒక్క వత్తు కూడా లేదు! ‘రేపటి నుంచి’లో లేదు, ‘ఘనవిజయం’లో లేదు. నేను పరీక్షకు ఎంచుకున్న మాటలన్నీ సులువైనవే. ఇవాళ ‘అత్యద్భుతం’ కొడితే త్-కు పొల్లు పెట్టి నిలబడింది, దాని పక్కన య నిండు అక్షరంగా వచ్చింది, ద్ పక్కన భు కూడా అంతే. ఒక్క వత్తు కూడా కిందికి దిగలేదు.

లోపల జరిగేది ఇది. మనం ‘స్తి’ అని కొడితే కంప్యూటర్ దగ్గర ఉండే వరుస స, పొల్లు, త, గుడి. హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ ఆ వరుసను సర్ది, ఫాంట్‌లో మనం రాసిన నియమాల ప్రకారం ముక్కలు మారుస్తుంది. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో ఇదే ఇంజన్. ‘పొల్లు, త’ రెండూ వరసగా వస్తే త వత్తు పెట్టు అని నియమం రాయాలి. నేను పాత పద్ధతి పాఠం ఒకటి చదివి ‘త, పొల్లు’ అని తిరగేసి రాశాను. 36 నియమాలూ తిరగబడి ఉన్నాయి. అన్నీ సరిచేసేసరికి తెల్లవారింది.

సరిచేసినంక ఒక విషయం మనసుకు నచ్చింది. ఇంజన్ గుడిని ముందుకు లాగి స-కు తగిలించి, త వత్తును తర్వాత పెడుతుంది. ముందు సి, తర్వాత కింద త. బళ్లో పలక మీద మనం రాసేదీ ఇదే వరుసలో.

ఆగస్టు 18

ఈరోజు రాయాల్సింది చాలా ఉంది.

వత్తులు వస్తున్నాయి కానీ బాగాలేవు. అక్షరాల కింద ఇరుక్కుని, ఎవరో నెట్టినట్టున్నాయి. చిన్నవి చేస్తే చీమల్లా ఉన్నాయి, పెద్దవి చేస్తే కింది వరుస తలకట్లకు కొట్టుకుంటున్నాయి. కాకకు ప్రింటు చూపించాను. ఏం మాట్లాడలేదు. ‘ఆదివారం రా. మా గోడకు సున్నం కొట్టి పెడ్త’ అన్నాడు.

పొద్దున ఎనిమిదింటికి పోయాను. ఇంటి వెనక గోడ తెల్లగా ఆరి ఉంది. జాజు పొడి వజ్రం బంకతో కలిపి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఏం రాయమంటావంటే ‘అత్యద్భుత జానపద చిత్రం’ అన్నాను, నా ఫాంట్‌లో బాగా చెడింది అదే కాబట్టి.

దారం ఒక కొస నాకిచ్చాడు. మొదటి గీత పడింది. తొమ్మిదంగుళాల కింద రెండోది. అక్షరానికి రెండు గీతలు చాలు కదా అనుకుంటుంటే ఇంకా కిందికి వంగి, ఐదంగుళాలు కొలిచి మూడోది కొట్టాడు. తర్వాత సుద్దముక్క తీసుకుని, ఒక్క అక్షరం కూడా రాయకుండానే, గోడ పొడుగునా నడుస్తూ కింది పట్టీలో మూడుచోట్ల చుక్కలు పెట్టాడు.

‘ఇవేంది కాకా?’

‘గీడ య వత్తు. గీడ భ వత్తు. గా కొసకు ర వత్తు. కింద జాగ ముందుగాల సూస్కోవాలె బిడ్డా. పైన అచ్చరం ఎట్లన్న వడ్తది. వత్తు యాడ వడ్తదో తెల్వకుండ తలకట్టు పెడితే, ఆఖర్ల దాన్ని ఏడ తోస్తవ్?’

చుక్కలను చూసుకుంటూ పైన అక్షరాలు సుద్దతో పలచగా వేశాడు. త్య దగ్గర త-ను కొంచెం ఎడమకు జరిపాడు, ఎందుకంటే య వత్తు కిందికి దిగి కుడికి సాగుతుంది, దాని తోకకు చోటు కావాలి. ద్భు దగ్గర ద పొట్టను కాస్త పైకెత్తి భ వత్తుకు నీడలా కప్పాడు. చిత్రంలో ర వత్తు త-ను ఎడమ నుంచి చేత్తో ఎత్తుకున్నట్టు వచ్చింది.

జానపద దగ్గరకు వచ్చేసరికి కాక చేసిన పని చూసి నేను నోట్‌బుక్ మూసేశాను. ఆ మాటలో వత్తు లేదు. నాలుగు అక్షరాలనూ రెండో గీత మీద ఆపకుండా రెండు వేళ్లు కిందికి దింపాడు. వత్తుల పట్టీలో ఖాళీ ఉంది కదా, దాన్ని అక్షరాలే ఆక్రమించాయి. దూరం నుంచి చూస్తే మూడు మాటలూ ఒకే ఎత్తులో ఉన్నట్టు, ఒకే బరువులో ఉన్నట్టు కనిపిస్తాయి. దగ్గరికొచ్చి కొలిస్తేనే మధ్య మాట పెద్దదని తెలుస్తుంది. పన్నెండేళ్లుగా నేను పోస్టర్ల మీద వత్తు లేని మాట కింద తెల్లటి ఖాళీ వదులుతూ వచ్చాను. అది ఖాళీ అని కూడా ఎప్పుడూ గుర్తుపట్టలేదు.

చివర్లో పొల్లు గురించి అడిగాను. జానపద సినిమాలకు పొల్లును కత్తిలెక్క లాగేవాళ్లమని చెప్పాడు. జానపద హీరో కాంతారావుది కోదాడ దగ్గరి గుడిబండ, మన ఉమ్మడి జిల్లా మనిషి. ఆయన సినిమా మళ్లీ ఆడినప్పుడల్లా గోడకు ఒకరోజు ఎక్కువ తీసుకునేవాడట కాక, అక్షరాలకు డాలు-కత్తి తగిలించడానికి. ‘మనోడి బొమ్మకు మనం మంచిగ రాయకుంటే ఎట్ల?’ అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క చూశాను. తొమ్మిదంగుళాల అక్షరానికి కింద ఐదు. నా ఫాంట్‌లో అక్షరం ఎత్తు 620 యూనిట్లు (ఫాంట్ లోపలి కొలత), కింద వదిలింది 250. కాక కొలత ప్రకారం 344 ఉండాలి. వత్తులన్నీ మళ్లీ గీస్తున్నాను, ఈసారి వత్తులు ముందు, అక్షరాలు తర్వాత.

సెప్టెంబర్ 1

కొత్త ఫైలును షాపులో విండోస్ మీద పెట్టి చూస్తే వత్తులు అడుగున కత్తిరించినట్టు తెగిపోతున్నాయి. రాష్ట్రం, శాస్త్రం లాంటివి మరీ ఘోరం, ట కింద ర వత్తు సగం లేదు. నా కంప్యూటర్‌లో నిండుగా కనిపించేది ఇక్కడెందుకు తెగిందో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఫాంట్ లోపల పైకి ఎంత, కిందికి ఎంత అని చెప్పే కొలతలు మూడు జతలుంటాయి. వాటిలో విన్ అసెంట్, విన్ డిసెంట్ అనేవి ఒక జత. విన్ డిసెంట్ ఎంత చెబితే అంతకు కింద ఉన్నదాన్ని విండోస్‌లో చాలా ప్రోగ్రాములు చూపించవు. నేను దాన్ని మార్చడం మర్చిపోయాను, పాత 250 దగ్గరే ఉంది. ఇప్పుడు రెండంతస్తుల వత్తులకు కూడా సరిపోయేలా 430 పెట్టాను. మిగతా రెండు జతలనూ దానితో కలిపాను.

కాక కొట్టిన మూడో గీత ఇదే. గోడకు సుద్దతో చెప్పాల్సినది ఇక్కడ అంకెతో చెప్పాలి, అదీ ముందే చెప్పాలి.

సెప్టెంబర్ 15

టైటిల్స్‌లో వచ్చే వాక్యం ఒకటి తీసుకుని దాని మీదే వారమంతా కూర్చున్నాను: ‘కథ – స్క్రీన్‌ప్లే – దర్శకత్వం’. మూడు మాటల్లో మూడు రకాల చిక్కులు.

కథ. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ-కు ఉండదు. లావు అక్షరంలో ఆ చుక్క చుట్టూ తెలుపు మిగలదు, చిన్న సైజులో పూడిపోతుంది, కథ కాస్తా కధ అవుతుంది. గోడల మీద, వాల్‌పోస్టర్ల మీద ‘కధ’ ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. రాసినవాళ్లకు తెలియక కొంత, కుంచె లావు వల్ల కొంత అని ఇప్పుడనిపిస్తోంది. కాక రాసిన థ తీసి చూస్తే ఆయన ఒక ఉపాయం చేశాడు: థ-ను మిగతా అక్షరాలకంటే వెడల్పు చేసి, గుండ్రం గీతను లోపలి వైపు పలచన చేశాడు. బయటి అంచు మారలేదు కాబట్టి బరువు తగ్గినట్టు కంటికి తెలియదు. నేనూ అదే చేశాను. 14 సైజులో కూడా చుక్క నిలబడింది.

స్క్రీన్‌ప్లే. మామూలుగా కొడితే న్ కింద ప, దాని కింద ల, మొత్తం ఒక గుత్తిగా దిగి చదవడానికి వీల్లేకుండా పోతుంది. మధ్యలో కనిపించని ఒక అక్షరం పెట్టి న్-ను అక్కడ ఆపాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, ఫోన్ కీబోర్డుల్లో కొన్నిటిలోనే ఉంటుంది. అది పెట్టినప్పుడు నా ఫాంట్‌లో న్ తర్వాత ఒక చిన్న డబ్బా గుర్తు కనబడుతోంది, ఎందుకంటే దానికి నేను గ్లిఫే పెట్టలేదు. వెడల్పు సున్నా ఉన్న ఖాళీ గ్లిఫ్ ఒకటి చేర్చాక పోయింది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, ఇంటర్‌నెట్ అని రోజూ రాసే మనకు ఇది లేకుండా నడవదు.

దర్శకత్వం. త్వ ఇంకా కుదరలేదు. వ వత్తు త కింద సరిగ్గా మధ్యలో పెట్టాను, ఏదో వెలితిగా ఉంది.

సెప్టెంబర్ 29

బతుకమ్మ పూల కోసం మా వాళ్లతో పానగల్ వైపు పోయి, వచ్చేటప్పుడు పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియంలో ఆగాను. కందూరు చోళుల కాలం నాటి ఊరు, శాసనం రాళ్లున్నాయి. నాకు పాత లిపి చదవడం రాదు. కానీ చదవకుండా చూస్తే ఒకటి తెలిసింది: రాతి మీద కూడా వత్తు కిందనే వేలాడుతోంది, వరుసకు వరుసకు మధ్య దానికి చోటు వదిలారు. ఉలి పట్టినవాడు కూడా ముందు కింద జాగ చూసుకునే ఉంటాడు. రాయి దగ్గర చెరిపి రాయడం కుదరదు కదా.

అక్టోబర్ 12

ట్రైలర్. ఈ ఒక్క మాటకు మూడు సాయంత్రాలు. ఐత్వానికి సగం పైన, సగం కింద ఉంటుంది. ర వత్తు కూడా కిందనే. రెండూ ట కింద కలిసి ముడి పడుతున్నాయి. కాక రాసిన చార్టులో చూస్తే ర వత్తు ఎడమనుంచి వచ్చి ట మధ్యకు రాకముందే ఆగింది, ఐత్వం కొస కుడివైపు కిందికి జారింది. ఇలా రెండూ కలిసే జంటలకు పొట్టి ర వత్తు ఒకటి వేరుగా గీసి, ఐత్వం వెంట వచ్చినప్పుడు అదే పడేలా నియమం రాశాను. త్రై, ప్రై, డ్రై అన్నీ ఒకేసారి బాగుపడ్డాయి.

దీనితోపాటు ఇంకో పెద్ద పని పూర్తయింది. వత్తు లేని మాటల కోసం ‘నిండు’ అని రెండో జత అక్షరాలు: కాక జానపదకు చేసినట్టు రెండు వేళ్లు కిందికి దిగినవి. స్టైలిస్టిక్ సెట్‌గా పెట్టాను, కావాల్సినవాళ్లు ఆ మాట ఎంచుకుని నొక్కితే మారుతుంది. దానంతటదే మారేలా చేయొచ్చా అని ఆలోచించాను. వద్దనుకున్నాను. ఒక మాటను పెంచాలా వద్దా అనేది దాని అటూ ఇటూ ఉన్న మాటలను చూసి మనిషి తేల్చాల్సిన పని.

మొత్తం ఇప్పటికి 388 గ్లిఫ్‌లు.

అక్టోబర్ 26

ఇక్కడ డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. పోస్టర్ నా దగ్గరికే వచ్చింది. టైటిలూ, కింద పేర్లూ మొత్తం సుద్దదారంలోనే వేశాను. ఫొటోషాప్‌లో మన లిపులకు పనికొచ్చే వరల్డ్-రెడీ లేఅవుట్ అనే సెట్టింగు పెట్టుకున్నాక వత్తులు ఎక్కడా తప్పలేదు. పసుపు అక్షరం, ఎర్ర అంచు, నల్ల షేడు. మా మిషన్ మీదే ఆరడుగుల ఫ్లెక్సీ తీశాను. కుంచె అక్షరం ఫ్లెక్సీ మీదికి రావడం మంచిదో కాదో అని నాలో నేను చాలాసార్లు తర్కించుకున్నాను. పిల్లలు దాని ముందు నిలబడి ‘అన్నా, పాత సినిమాహాలు లెక్కుంది’ అన్నప్పుడు నా గొంతు పట్టుకుపోయింది. హాల్లో ఆ రాతలు చూసే వయసు కాదు వాళ్లది.

కాక సాయంత్రం వచ్చాడు. ఫాంట్‌ను ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద అందరికీ ఉచితంగా ఇవ్వాలనుకుంటున్నానని, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫాంట్‌ను మాత్రం విడిగా అమ్ముకోకూడదని వివరంగా చెప్పాను. ఆయన ఒప్పుకోకపోతే ఇక్కడితో ఆపేస్తానని కూడా చెప్పాను. ‘గోడ మీద రాసింది ఎవలన్న సూడొచ్చు గదా, ఇది గూడ గంతే’ అన్నాడు.

తర్వాత ఫ్లెక్సీ దగ్గరికి పోయాడు. టైటిల్ చూడలేదు. కిందికి వంగి పేర్ల వరుసలో బొటనవేలు, చూపుడువేలు చాపి అక్షరం కొలిచాడు, అదే వేళ్లతో కింద జాగ కొలిచాడు. తలూపాడు. ‘దర్శకత్వం’ మీద వేలు పెట్టి, ‘గీ వ వత్తును ఎడమకు జరుపు. నడిమిట్ల పెడితే అచ్చరం ఆగిపోతది, కొంచెం ఎన్కకుంటేనే ముంగటికి నడుస్తది’ అన్నాడు. రాత్రి 30 యూనిట్లు ఎడమకు జరిపాను. నెలన్నర నుంచి కుదరనిది కుదిరింది.

అక్టోబర్ 28

విడుదలకు ముందు మిగిలినవి ఇవి: అంకెలు మళ్లీ గీయాలి, 4 బాగాలేదు. ళ్ల, ళ్ళ రెండూ సరిచూడాలి. ఱ గడి ఇంకా ఖాళీగానే ఉంది. వేరే ఫాంట్ చూసి ఱ గీయడం నాకిష్టం లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు కాక ఫోను. హలో కూడా అనలేదు.

‘గుఱ్ఱం! పాత బొమ్మల రోజుల్ల గట్లనే రాసేటోళ్లం. ఱ కింద మళ్ల ఱ వత్తు. పొద్దుగాల్నే రా, కాయితం పెద్దది తే. దీనికి కింద జాగ మస్తు గావాలె.’